ముందు ఆ పని పేరు మీ అక్కతో చెప్పండి

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పేరు రాయొద్దన్నారు, రాయను. సంగతి మాత్రం చదివేవాళ్ళకి తెలియాలి కాబట్టి క్లుప్తంగా చెబుతాను. మీకు 34 ఏళ్ళు. పదేళ్ళుగా ఒక ఆఫీసులో లెక్కలు చూస్తున్నారు. అత్తగారికి పక్షవాతం వస్తే రెండేళ్ళపాటు ఫిజియోథెరపిస్టు చూపించినట్టే ఆవిడ కాళ్ళూ చేతులూ మర్దన చేశారు. ఈ పని మీ చేతికి వచ్చిందని, చేస్తుంటే మనసు నిలకడగా ఉంటోందని అప్పుడే మీకు తెలిసింది. ఇప్పుడు మసాజ్ థెరపీ కోర్సులో చేరాలనుకుంటున్నారు. నన్ను మూడు అడిగారు: ఈ వయసులో ఆలస్యమా, ఈ పనితో బతుకు సాగుతుందా, అక్కకి "ఫిజియోథెరపీ" అని చెప్పి చేరిపోతే తప్పా.

ఆలస్యం కాదు. ఆ ప్రశ్న అక్కడితో వదిలేయండి, అది మీకు నిజంగా ఉన్న సందేహం అని నాకు అనిపించలేదు.

నేను ఆగిపోయింది మూడో దాని దగ్గర. మీ వారి గురించి ఉత్తరం మొత్తంలో ఒకే వాక్యం ఉంది, "ఆయనకి అభ్యంతరం లేదు" అని. అక్క మాత్రం ప్రతి పేరాలో ఉంది. మీకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ పోతే తన చదువు మానేసి మిమ్మల్ని చదివించింది, మీ పెళ్ళయ్యాకే తను పెళ్ళి చేసుకుంది. అలాంటి అక్క ఈ కోర్సు మాట ఎత్తగానే "నిన్ను చదివించింది పరాయివాళ్ళ ఒళ్ళు పట్టడానికా" అంది. ఆ మాట మీకు ఎంత గుచ్చుకుందో మీ రాతలోనే కనిపిస్తోంది. కానీ అదే ఉత్తరంలో, ఏమీ కానట్టు, ఇంకో సంగతి కూడా రాశారు. ప్రతి ఆదివారం అక్క మీ ఇంటికి వచ్చి మెడ నొప్పి అంటే మీరు గంటసేపు పడతారని, ఆవిడ అక్కడే నిద్రపోతుందని!

తనకి ఆ హాయి కావాలి, ఆ పని పేరు మాత్రం బయట వినపడకూడదు. ఇది మీ అక్క ఒక్కరి తప్పు అనను. మా అమ్మ మంచాన పడ్డ రోజుల్లో ఒకావిడ రోజూ వచ్చి ఒళ్ళు రాసి వెళ్ళేది. ఆవిడ వచ్చి వెళ్ళాకే అమ్మకి నిద్ర పట్టేది. చాలా నెలలు వచ్చింది. ఆవిడ పేరేంటని మా ఇంట్లో ఒక్కరం అడగలేదు, నేను కూడా అడగలేదు. ఆ సంగతి గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాధే. అందుకే మీ మూడో ప్రశ్న చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. అక్క మీద కాదు, మీ మీద. చేసే పనిని దాని పేరుతో పిలవడానికి మీకే సిగ్గయితే, రేపు మీ ముందు పడుకునే మనిషి మిమ్మల్ని ఎలా గౌరవిస్తాడు?

పైగా ఆ అబద్ధం నిలవదు. ఫిజియోథెరపీ వేరే చదువు, చాలాచోట్ల ఏళ్ళ తరబడి చదివే డిగ్రీ. మీ అక్క ఎవరి దగ్గరో గొప్పగా "మా చెల్లి ఫిజియోథెరపిస్టు" అంటుంది, వాళ్ళు ఆపరేషన్ అయిన మోకాలు చూడమని మీ దగ్గరికి వస్తారు. అప్పుడేం చేస్తారు?

ఇంకో సంగతి చెప్పాలి. 1894లో లండన్‌లో మసాజ్ పేరు చెప్పి వేరే వ్యాపారాలు నడుస్తున్నాయని పెద్ద గొడవ అయింది, వైద్య పత్రికలోనే హెచ్చరికలు వచ్చాయి. ఆ పనిని మర్యాదగా చేసుకుంటున్న నర్సులకి తలెత్తుకోలేని పరిస్థితి. అప్పుడు నర్సులుగా, మంత్రసానులుగా పనిచేస్తున్న నలుగురు ఆడవాళ్ళు కలిసి ఏం చేశారంటే, పని మానలేదు, పేరు మార్చుకోలేదు, "శిక్షణ పొందిన మసాజ్ మహిళల సంఘం" అనే అర్థం వచ్చే పేరుతోనే సంఘం పెట్టి, పరీక్షలు పెట్టి, డాక్టరు సూచన లేనిదే మసాజ్ చేయకూడదని నియమం పెట్టుకున్నారు. 1920లో ఆ సంఘానికి రాజుగారి అధికారిక గుర్తింపు (రాయల్ చార్టర్) దొరికింది. బ్రిటన్‌లో ఈరోజు ఫిజియోథెరపిస్టుల పెద్ద సంఘం అదే. అంటే మీరు ఏ పేరు చాటున దాక్కుందామనుకుంటున్నారో, ఆ సంఘం మొదలైంది మసాజ్ అని ధైర్యంగా చెప్పుకున్న ఆడవాళ్ళతో. ఇది మీ అక్కకి కూడా చెప్పండి.

అయితే అక్క భయం మొత్తం తీసిపారేయదగ్గది కాదు. తప్పుడు ఉద్దేశంతో వచ్చేవాళ్ళు ఈ పనిలో తగులుతారు, లేదని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. మంచి శిక్షణలో దీని గురించి నోరు విప్పి మాట్లాడతారు. ఏ భాగానికి మర్దన చేస్తున్నారో అది తప్ప మిగతా ఒళ్ళంతా దుప్పటితో కప్పి ఉంచడం, ఎక్కడ చెయ్యి వేస్తారో ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోవడం, ఒక మాట తేడాగా వస్తే అక్కడికక్కడే ఆపేసి గదిలోంచి బయటికి వచ్చేయడం, ఇవన్నీ నేర్పాలి. ఇవి నేర్పని చోట చేరకండి. మసాజ్ చేస్తే ఒంట్లో విషాలన్నీ పోతాయి, తప్పిన ఎముకలు సర్దుకుంటాయి అని చెప్పే చోట అసలే చేరకండి. నడుము నొప్పికి కొన్నాళ్ళు ఉపశమనం, బిగిసిన కండరానికి సడలింపు, కాస్త టెన్షన్ తగ్గడం, మంచి నిద్ర, వీటి గురించి నిజాయితీగా చెప్పుకోవచ్చు, అది చిన్న సంగతేం కాదు.

ఎప్పుడు ముట్టుకోకూడదో తెలియడమే ఈ చదువులో సగం. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. దాన్ని నొక్కితే గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి ప్రాణం మీదికి రావచ్చు. జ్వరం, చర్మం మీద ఇన్ఫెక్షన్, రక్తం పలచబడే మందులు, ఎముకలు గుల్లబారడం, అన్నీ ముందే అడగాలి. ఆదివారాలు అక్క మెడ పడుతున్నారు కదా, చేతులు తిమ్మిరెక్కుతున్నాయా, పట్టు తప్పుతోందా అని ఎప్పుడైనా అడిగారా? అవునంటే మర్దన ఆపి డాక్టరుకి చూపించాలి. ప్రేమ ఉంటే చాలదు అనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నా దగ్గర లేదు.

బతుకు సాగుతుందా అన్నారు. ఇది ఒంటితో చేసే పని. బొటనవేళ్ళు, మణికట్లు, నడుము ముందు దెబ్బతింటాయి. వేళ్ళతో కాకుండా ముంజేత్తో, ఒంటి బరువుతో నొక్కడం, బల్ల ఎత్తు సరిచూసుకోవడం మొదటి నెలలోనే అలవాటు కాకపోతే కొన్నేళ్ళకే మానేయాల్సి వస్తుంది. రోజంతా ఎడతెరిపి లేకుండా చేయలేరు. దుప్పట్లు ఉతకడం, ఎవరికి ఏం చేశారో రాసిపెట్టుకోవడం, వస్తానని రానివాళ్ళ కోసం ఎదురుచూడటం, వీటికి డబ్బు రాదు. అందుకని ఉద్యోగం ఒక్కసారిగా వదిలేయకండి, వీలైతే సగం రోజు చేస్తూ నేర్చుకోండి. మీరుండే చోట లైసెన్స్ కావాలా, ఈ కోర్సుకి గుర్తింపు ఉందా అన్నది ఫీజు కట్టకముందే కనుక్కోండి. లెక్కలు చూసే మనిషికి ఇంతకంటే నేను చెప్పక్కర్లేదు.

ఇక అక్క. ఆవిడ ఋణం మీకుంది, తీర్చండి. ఆవిడకి ఒంట్లో బాగోకపోతే మీరుండాలి, డబ్బు అవసరమైతే మీ చెయ్యి ముందుండాలి. కానీ మీరు ఏ పని చేసి బతకాలన్నది ఆ ఋణంలో భాగం కాదు, తల్లి ఉన్నా అది తల్లికి కూడా చెందదు. తన చదువు వదులుకున్న మనిషికి చెల్లెలి ఉద్యోగం అంటే తన త్యాగానికి ఫలితంలా కనిపిస్తుంది, ఆ ఉద్యోగం వదిలేస్తానంటే తనదే ఏదో పోయినట్టు ఉంటుంది. ఆ బాధ నిజమే. దాన్ని కూర్చోబెట్టి వినాలి. ఓదార్చడానికి అబద్ధం మాత్రం చెప్పకూడదు.

వచ్చే ఆదివారం ఆవిడ వచ్చినప్పుడు, మెడ పట్టకముందే చెప్పండి. "అక్కా, నేను మసాజ్ థెరపీ నేర్చుకోబోతున్నాను" అని, అంతే, సంజాయిషీ లేకుండా. ఏడుస్తుందేమో, లేచి వెళ్ళిపోతుందేమో. వెళ్ళిపోతే సాయంత్రం ఫోన్ చేయండి, తీయకపోతే మర్నాడు మళ్ళీ చేయండి. ఫీజు కట్టడానికి ఆఖరు తేదీ ఎప్పుడో మీరు రాయలేదు. ఆలోపు ఎన్ని ఆదివారాలు ఉన్నాయో ఈరోజే చూసుకోండి.