ఆరు రెడ్ల స్నూకర్‌లో ఫౌల్‌కు ఎన్ని పాయింట్లు? హనుమకొండ లెక్క, అసలు లెక్క

హనుమకొండలో మిత్రులతో ఆరు రెడ్లు (పదిహేను ఎర్ర బంతులకు బదులు ఆరింటితో ఆడే స్నూకర్) ఆడుతుంటే ఫౌల్‌కు ఒకరు ఒక పాయింటు అంటున్నారని, మరొకరు నాలుగు అంటున్నారని, ఫౌల్ తరువాత, కర్రతో కొట్టే తెల్ల బంతిని చేత్తో తీసి ఎక్కడైనా పెట్టుకోవచ్చా అని మీరు అడిగారు. నేను కూడా హనుమకొండలోనే, ఇంజనీరింగ్ చదివే రోజుల్లో, ఒక స్నూకర్ పార్లర్‌లో ఈ ఆట నేర్చుకున్నాను కాబట్టి మీకు ఈ సందేహం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు.

మా దగ్గర ఆరు రెడ్లకు అంత గిరాకీ ఉండడానికి కారణం టేబుల్ కిరాయి. గంట లెక్కన డబ్బులు కట్టే చోట పదిహేను రెడ్ల ఫ్రేమ్ (ఒక ఆట) మొదలుపెడితే మాలాంటి వాళ్లకు గంట దాటినా తేలేది కాదు. ఆరు రెడ్లయితే త్వరగా ముగిసేది, ఓడినవాడు కిరాయి కట్టేవాడు. అందువల్ల ఇది పార్లర్లలో పుట్టిన పిల్లలాట అని చాలాకాలం అనుకున్నాను. కానీ 2008లో బ్యాంకాక్‌లో దీనికి అంతర్జాతీయ పోటీ జరిగింది. మన పంకజ్ అద్వానీ 2014లోనూ, 2015లోనూ ఐబీఎస్ఎఫ్ (అంతర్జాతీయ బిలియర్డ్స్, స్నూకర్ సమాఖ్య) ఆరు రెడ్ల ప్రపంచ టైటిల్ గెలిచాడు. రెడ్ల సంఖ్య తగ్గుతుంది తప్ప ఫౌల్ విషయంలో మీరడిగిన నియమాలు పదిహేను రెడ్ల ఆటలో ఎలా ఉన్నాయో ఇందులోనూ దాదాపు అలాగే ఉంటాయి.

ఇక ఫౌల్ లెక్క. మా పార్లర్‌లో ఏ బంతిని కొట్టవలసి ఉందో దాని విలువే జరిమానా, అంటే రెడ్ తప్పితే ఒక పాయింటు, యెల్లో తప్పితే రెండు. అసలు నియమం ప్రకారం ఏ ఫౌల్‌కైనా కనీసం 4 పాయింట్లు ప్రత్యర్థికి వెళ్తాయి. కొట్టవలసిన బంతి గానీ, పొరపాటున ముందుగా తగిలిన లేదా పాకెట్‌లో పడిన బంతి గానీ అంతకంటే విలువైనదైతే ఆ పెద్ద విలువే జరిమానా అవుతుంది. రెడ్ కొట్టబోయి బ్లూకు తగిలిస్తే 5, బ్లాక్‌కు తగిలిస్తే 7.

ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఆట స్వరూపాన్నే మార్చేస్తుంది. పదిహేను రెడ్లలో ఫ్రీ బాల్ (ఫౌల్ తరువాత దొరికే అదనపు అవకాశం, కింద చెబుతాను) లేకుండా గరిష్ఠ బ్రేక్ (ఒకే వంతులో చేసే స్కోరు) 147 అయితే, ఆరు రెడ్లలో అది 75 మాత్రమే. కాబట్టి ఇక్కడ ప్రతి ఫౌల్ బరువు దాదాపు రెట్టింపు. ఒకే రెడ్ మిగిలి, మీరు 38 పాయింట్లు వెనుకబడి ఉన్నారనుకోండి. రెడ్ (1), దాని తరువాత బ్లాక్ (7) కలిపి 8, ఆపై ఆరు కలర్లకు (2 నుంచి 7 వరకు) 27, మొత్తం 35 మాత్రమే టేబుల్ మీద ఉన్నాయి. అసలు నియమంలో ప్రత్యర్థికి ఒక మంచి స్నూకర్ పెట్టి (అంటే కొట్టవలసిన బంతి నేరుగా అందకుండా తెల్ల బంతిని వేరే బంతి చాటున ఉంచి) అతని చేత రెడ్ తప్పిస్తే తేడా 34కు దిగుతుంది, ఫ్రేమ్ మళ్లీ మీ చేతికి అందుతుంది. మా పార్లర్ లెక్కలో అదే స్నూకర్‌కు ఒక్క పాయింటే వస్తుంది. మూడుసార్లు తప్పించినా సమం చేసే అవకాశమే తప్ప గెలిచే దారి లేదు. అందుకే మా పార్లర్‌లో స్నూకర్ పెట్టడం ఎవరికీ రాదు, అందరూ పాట్‌లే (బంతిని పాకెట్‌లో వేసే షాట్లే) కొడతారు. ఆటలో సగం విద్య ఈ ఒక్క సడలింపుతో పోయిందని నా అభిప్రాయం.

తెల్ల బంతిని చేత్తో తీసే అలవాటు, నా అనుమానం ప్రకారం, పక్క టేబుల్ మీది ఎయిట్ బాల్ పూల్ నుంచి వచ్చింది. స్నూకర్‌లో ఫౌల్ తరువాత సాధారణంగా తెల్ల బంతి ఆగిన చోటి నుంచే ఆడాలి. అది పాకెట్‌లో పడినా, టేబుల్ దాటి కింద పడినా మాత్రమే చేతికి వస్తుంది, అప్పుడు కూడా డీ (టేబుల్ ఒక చివరన గీసిన అర్ధవృత్తం) లోపలే పెట్టాలి. హైదరాబాద్‌లో నేను ఆడిన మొదటి పోటీలో ప్రత్యర్థి రెడ్ తప్పగానే, ఎప్పటి అలవాటు కొద్దీ, తెల్ల బంతిని చేతిలోకి తీసుకున్నాను. రెఫరీ ప్రశాంతంగా “ఫౌల్, నాలుగు” అన్నాడు. ఆ నాలుగు ప్రత్యర్థి ఖాతాలోకే పోయాయి, అంటే అతను అప్పుడే నాకిచ్చిన నాలుగూ తిరిగి అతనికే చేరాయి. వాదించబోయి, చూస్తున్నవాళ్లు నవ్వడం గమనించి ఊరుకున్నాను.

అయితే ఫౌల్ వల్ల మీకు ఆ స్థితిలో కొట్టవలసిన బంతి రెండు అంచుల్లో ఏ ఒక్కటి నేరుగా అందకపోయినా ఫ్రీ బాల్ లభిస్తుంది. వేరే బంతిని పేరు చెప్పి కొట్టవచ్చు, రెడ్ల వంతు అయితే దానికి 1 పాయింటే వస్తుంది. స్థితి నచ్చకపోతే తప్పు చేసినవాడినే మళ్లీ ఆడమనవచ్చు. ఈ రెండు హక్కులూ మా పార్లర్‌లో ఎవరూ వాడగా నేను చూడలేదు.

ప్రస్తుతం సెలవులకు వచ్చినప్పుడు పాత మిత్రులతో ఆడే ముందు రెండు మాటలు ఒప్పించుకుంటాను: ఫౌల్ కనీసం నాలుగు, తెల్ల బంతి పాకెట్‌లోనో, టేబుల్ కిందనో పడితే తప్ప చేత్తో ముట్టుకోకూడదు. స్కోరు సమమైతే మాత్రం అసలు నియమం ప్రకారం బ్లాక్‌ను మళ్లీ దాని స్పాట్‌పై పెట్టి, ఎవరు ముందు ఆడాలో టాస్ వేసి, ఆ బ్లాక్‌తోనే తేల్చుకోవలసి ఉండగా, మేము ఇప్పటికీ కిరాయిని చెరి సగం కట్టి టీ తాగడానికి వెళ్తాం. ఆ ఒక్క స్థానిక నియమాన్ని మార్చాలని నేనెప్పుడూ పట్టుబట్టలేదు.