నా బిడ్డను రాయిని చేస్తావా అంటోంది

ప్రశ్న: మాది చీమకుర్తి దగ్గర పల్లె. గ్రానైట్ పాలిషింగ్‌లో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నా. ఇరవై రెండేళ్ల మా పెద్దాడు ఎనిమిది నెలల కిందట బైకు ప్రమాదంలో పోయాడు. మా అరెకరం చేలో వాడి నిలువెత్తు విగ్రహం, చుట్టూ నాలుగైదు శిల్పాలు, మొక్కలు పెట్టి సంవత్సరీకం నాడు ప్రారంభించాలని నా పట్టుదల. చిట్టీ పాడి ఆరు లక్షలు తీశా. ప్రమాదం జరిగిన మలుపులోనూ చిన్న విగ్రహం పెట్టాలనుంది. నా భార్య ‘నా బిడ్డను రాయిని చేస్తావా’ అని నాతో మాట్లాడటం మానేసింది. రాత్రిళ్లు నిద్రపోదు. వాడి దగ్గరికే పోతే బాగుండంటుంది. పాప ఇంటర్ చదువుతోంది. నేనేం చేయాలి?

జవాబు: ముందు ఆ విగ్రహాల తోట సంగతి పక్కన పెట్టండి. ‘వాడి దగ్గరికే పోతే బాగుండు’ అన్న మాటను కడుపుకోత మాటలే అని వదిలేయకండి. ఈ రాత్రే పక్కన కూర్చుని ‘చచ్చిపోవాలనిపిస్తోందా’ అని సూటిగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. ఔనంటే ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకుండా, వెంటనే ఒంగోలు తీసుకెళ్లి మానసిక వైద్యులకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కి రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, ఖర్చుండదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక తోట. మీ చేతులకు తెలిసిన పని రాయి. బిడ్డ పోయాక ఆ చేతులు ఊరుకోలేకపోవడం నాకు అర్థమైంది, అందులో తప్పేం లేదు. కానీ విగ్రహం నిలబెట్టడమంటే వాడింక రాడని ఊరందరి ముందు ఒప్పుకోవడం. మీరు అక్కడిదాకా వచ్చారు. ఆమె రాలేదు. బైకు చప్పుడైతే ఇప్పటికీ ఆమె గుమ్మం వైపు చూస్తుంటుందేమో గమనించండి. పైగా శిల్పి ఫొటో చూసి చెక్కుతాడు. గడ్డం దగ్గర ఒక్క గీత తేడా వచ్చినా ఆ తల్లికి రోజూ ఎవరో పరాయి కుర్రాడు కనిపిస్తాడు. ‘రాయిని చేస్తావా’ అన్న మాటలో ఈ భయమూ ఉందని నా నమ్మకం.

వాషింగ్టన్‌లో 1982లో వియత్నాం యుద్ధంలో చనిపోయిన అమెరికా సైనికులకు స్మారకం కట్టారు. నున్నటి నల్లరాతి గోడ. ఆ రాయి మన బెంగళూరు వైపు నుంచే వెళ్లింది. దాని మీద ఒక్క ముఖం చెక్కలేదు, అన్నీ పేర్లే, 57 వేలకు పైగా. పేరు తడుముతుంటే ఆ పాలిష్‌లో మన ముఖమే కనిపిస్తుంది. మనుషుల బొమ్మలు లేకపోవడమేమిటని అప్పట్లో పెద్ద గొడవైంది. చివరికి 1984లో గోడకు కాస్త దూరంగా ముగ్గురు సైనికుల విగ్రహం పెట్టారు. రెండూ ఇప్పటికీ ఉన్నాయి.

మీరూ అలా అంచెలంచెలుగా చేయండి. మీ చీమకుర్తి గెలాక్సీ రాయి, అదే బంగారు చుక్కల నల్ల గ్రానైట్‌లో ముఖం చెక్కితే ఆ చుక్కలు కళ్ల మీదా బుగ్గల మీదా పడతాయి, అది నాకంటే మీకే బాగా తెలుసు. అదే రాయిని నున్నగా పలకగా చేసి పేరు ఒక్కటే చెక్కితే ఆ చుక్కలు ఆకాశంలా ఉంటాయి. కూర్చునే బల్లకు మాత్రం నల్లరాయి వద్దు. మన మే నెల ఎండలో చెయ్యి కూడా పెట్టలేరు. కానుగలాంటి మొక్క ఒకటి నాటి, దాని కింద గరుకు రాతి అరుగు వేయండి. ఏ చెట్టు, ఏ మూల అన్నది ఆమెను అడగండి. ‘నాకొద్దు’ అంటే ఆ రోజుకి ఊరుకుని, నెల తర్వాత మళ్లీ అడగండి. విగ్రహం రెండో ఏడో, మూడో ఏడో చూడొచ్చు. సంవత్సరీకం ఇంట్లోనే జరుపుకోండి. రిబ్బను కత్తిరింపులూ మైకులూ ఆ రోజు ఆమె భరించలేదు.

మలుపులో విగ్రహం ఆలోచన మానుకోండి. ప్రజల రోడ్ల మీద, కాలిబాటల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలోనే రాష్ట్రాలకు చెప్పింది. మనుషులు ఆగి చూసే చోటు కూడా కాదది, మరో బండి గుద్దుకోగలదు.

చిట్టీ డబ్బులో పాప చదువుకు కావాల్సినంత ముందే తీసి విడిగా వేయండి. మీరింత రాసి ఆ పిల్ల గురించి మూడే మాటలు రాశారు. ఆమెకూ అన్న పోయాడు. ఇంట్లో ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఇద్దరి మధ్య తిరుగుతోంది. తోటలో ఏదో ఒక మూల ఆమెకు వదిలేయండి, ఏం పెట్టుకుంటుందో ఆమె ఇష్టం. మళ్లీ ఉత్తరం రాస్తే పాప ఏ గ్రూపు చదువుతోందో, ఈ మధ్య సరిగా తింటోందో లేదో అది ముందు రాయండి.