సంతకాలు కాకముందే బేరం మానుకుంటే పరిహారం కట్టాలా?

మానుకున్నంత మాత్రాన సాధారణంగా కట్టనక్కరలేదు గానీ, మానుకున్న తీరులో దురుద్దేశం ఉంటే ఫ్రాన్స్, జర్మనీలలో బాధ్యత తప్పదు, ఇంగ్లండులో చాలావరకు ఉండదు.

2016 నాటి సవరణ తరువాత ఫ్రెంచి సివిల్ కోడ్ 1112వ అధికరణ చర్చలలోనూ సద్భావనను, అంటే నిజాయితీగా వ్యవహరించడాన్ని, తప్పనిసరి చేసింది. జర్మన్ సివిల్ కోడ్ 311వ సెక్షను కూడా చర్చలు మొదలైనప్పటి నుంచే పరస్పర బాధ్యతను గుర్తిస్తుంది. ఇంగ్లండులో మాత్రం, బేరమాడేవారు ఎవరి లాభం వారు చూసుకునే ప్రత్యర్థులు కనుక అటువంటి బాధ్యత పొసగదని 1992లో వాల్‌ఫర్డ్ వర్సెస్ మైల్స్ కేసులో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది.

ఉదాహరణకు, దుకాణాన్ని వేరొకరికి అమ్మేసిన సంగతి దాచి, బేరం సాగదీస్తూ ఎదుటివారిచేత లాయరు ఫీజు, తనిఖీ ఖర్చులు పెట్టించిన యజమాని పారిస్‌లో ఆ సొమ్ము చెల్లించవలసి రావచ్చు. లండన్‌లో అతడు అబద్ధమాడి మోసగించాడని రుజువు చేయగలిగితేనే ఆశ.

బాధ్యత ఉందంటే రావలసిన లాభమంతా దక్కుతుందనుకోవడం పొరపాటు. ఫ్రెంచి చట్టం ఆ లాభాన్నే కాదు, దానిని పొందే అవకాశం పోయిన నష్టాన్ని కూడా పరిహారం నుంచి మినహాయించింది.