లాన్ ఎర్రబడింది తెగులు వల్ల కాదు, కోత వల్ల

ప్రశ్న: మాది చేవెళ్ల దగ్గర పల్లె. మామిడి తోటలో ఇల్లు కట్టుకుని, ముందు నాలుగు సెంట్లలో బెర్ముడా గడ్డితో లాన్ వేశాం. జూలైలో ముసురు పట్టి మూడు వారాలు కోయలేకపోయాం. గడ్డి ఆరంగుళాలు పెరిగింది. తెరిపి ఇవ్వగానే మా అబ్బాయి కరెంటు మిషన్‌ను అన్నిటికంటే కింది మెట్టులో పెట్టి ఒకేసారి కోసేశాడు. ఐదు రోజుల్లో లానంతా ఎర్రబడింది, ఆకు కొనలు తెల్లగా ఎండాయి. మందుల షాపులో తెగులు మందు, పురుగు మందు కలిపి కొట్టమంటున్నారు. కొట్టాలా? కోసేటప్పుడు రాయి ఎగిరి కిటికీ అద్దం కూడా పగిలింది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? కోసిన గడ్డి గేదెలకు వేయొచ్చా?

జవాబు: ఏ మందూ కొట్టకండి. మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది తెగులు కాదు, లోతుగా కోసిన దెబ్బ. బెర్ముడా గరిక జాతే. ఎత్తు పెరిగేకొద్దీ పచ్చటి ఆకంతా పైకి చేరి, కింద గోధుమ రంగు కాడలే మిగులుతాయి. ఆరంగుళాల గడ్డిని అంగుళానికి దించితే ఆకు పూర్తిగా పోయి, అన్నాళ్లూ నీడలో ఉన్న కాడలకు ఒక్కసారిగా ఎండ తగిలింది. ఆకు లేక ఆహారం తయారుకాదు, వేరు ఎదుగుదల ఆగిపోతుంది. కానీ గరిక అంత తేలిగ్గా చావదు. పొలంలో దాన్ని వదిలించుకోవడానికి పడే పాట్లు మీకు నేను చెప్పక్కర్లేదు. భూమిలోని దుంపకాడల నుంచి రెండు మూడు వారాల్లో కొత్త చిగురు వస్తుంది.

అప్పటిదాకా మిషన్ పెట్టొద్దు. వాన లేకపోతే తడి ఇవ్వండి. యూరియా ఇప్పుడే వేయకండి. చిగురు వచ్చి పచ్చబడ్డాక సెంటుకు 400 గ్రాములకు మించకుండా, ఆకు పొడిగా ఉన్నప్పుడు చల్లి, వెంటనే నీళ్లు పెట్టండి. ఆకు మీద గుళిక నిలిచిపోతే అక్కడ మాడుతుంది.

ఇక కొనలు తెల్లబడటం. నాలుగు ఆకులు తెంపి వెలుతురులో చూడండి. కొన సూటిగా తెగి ఉంటే బ్లేడు బాగానే ఉంది. చిరిగిన గుడ్డ అంచులా పీచులు వేలాడుతుంటే బ్లేడు మొద్దుబారింది, గడ్డిని కోయకుండా పీకుతోంది. సాన పట్టించండి, రెండు వైపులా సమానంగా పట్టమని చెప్పండి. ఒకవైపు బరువు తగ్గితే మిషన్ అదిరిపోతుంది. సాధారణంగా 20, 25 గంటల వాడకానికి ఒకసారి సాన అవసరం.

కోతకు నేను చెప్పే లెక్క ఒక్కటే: ఏ కోతలోనూ ఆకు ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదు. బెర్ముడాను అంగుళంన్నర ఎత్తులో ఉంచాలనుకుంటే రెండుంబావు అంగుళాలకు రాగానే కోయాలి. వానాకాలంలో అది వారానికో, ఇంకా ముందో వస్తుంది. చలికాలంలో రెండు మూడు వారాలు ఆగినా ఫర్వాలేదు. ముసురు వల్ల మళ్లీ ఆరంగుళాలు పెరిగితే మొదట నాలుగుకు దించండి. మూడు నాలుగు రోజులు ఆగి ఇంకొంచెం, అలా మెట్లు మెట్లుగా రండి. నున్నగా గొరిగితే పది రోజులు పని తప్పుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది వేరు. నేలకు వెలుతురు తగిలి తుంగ, గడ్డిచామంతి లేస్తాయి, వాటిని పీకే పని అదనం.

మిషన్ మీద రాసిన అంకెను నమ్మకండి. ప్లగ్ తీసేసి, మిషన్‌ను సిమెంటు నేల మీద పెట్టి, నేల నుంచి బ్లేడు దాకా ఒకసారి స్కేలుతో కొలవండి. మామిడి చెట్ల నీడ పడే చోట ఒక మెట్టు ఎత్తులో కోయండి. నీడలో బెర్ముడా ఎలాగూ పలుచబడుతుంది, దాన్ని ఇంకా ఏడిపించొద్దు. వరుసల దిశ కూడా కోతకోతకూ మార్చండి.

జాగ్రత్తల్లో మొదటిది కరెంటు. తడి గడ్డి మీద కరెంటు మిషన్ నడపొద్దు. బోరు మోటారు దగ్గర అలవాటైన టేపు చుట్టిన జాయింట్ వైరు ఇక్కడ అసలు పనికిరాదు. ఆ లైనుకు 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి, ఖర్చు చూసుకోవద్దు. ప్లగ్ ఉన్న వైపు నుంచి మొదలుపెట్టి దూరంగా జరుగుతూ కోయండి. వైరు భుజం మీదుగా వెనక్కి ఉండాలి. మిషన్‌ను మీ వైపు లాక్కుంటూ కోయొద్దు. స్విచ్ ఆపినా బ్లేడు కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. గడ్డి ఇరుక్కుంటే ప్లగ్ తీసి, బ్లేడు ఆగాక కర్రతో తీయాలి తప్ప చెయ్యి పెట్టకూడదు. చెప్పులతో, పంచెతో ఈ పని వద్దు. బూట్లు, ప్యాంటు, కళ్లద్దాలు ఉండాలి. పిల్లలను ఇంట్లోకి పంపించి మొదలుపెట్టండి.

అద్దం పగిలినందుకు అబ్బాయిని తిట్టకండి. కోసే ముందు లానంతా ఒకసారి నడిచి ఏరడం అలవాటు చేయండి. ఇల్లు కట్టిన చోట కంకర, మేకులు, బైండింగ్ వైరు ముక్కలు ఏళ్ల తరబడి పైకి తేలుతూనే ఉంటాయి. గడ్డి బయటకు చిమ్మే వైపు కిటికీలకు, కారుకు ఎదురుగా లేకుండా చూసుకోండి.

గేదెల సంగతికి ఆ బైండింగ్ వైరుతోనే సంబంధం ఉంది. గరిక మంచి మేతే. కానీ మిషన్ కింద పడిన తీగ ముక్కలై గడ్డిలో కలిస్తే కంటికి కనపడదు. గేదె నమలకుండా మింగేస్తుంది. ఆ ముక్క పొట్టలోని జల్లిసంచి గోడను చీల్చి గుండె పొర దాకా పోతుంది. అలా పశువులు చనిపోతాయి. పైగా మెత్తగా తెగిన గడ్డిని కుప్ప పోస్తే పూట తిరిగేసరికి వేడెక్కి పులుస్తుంది, తిన్న పశువుకు కడుపుబ్బరం వస్తుంది. మందు కొట్టిన, యూరియా చల్లిన గడ్డి సంగతి సరేసరి. కాబట్టి మీ లాన్ గడ్డిని మేతగా వేయొద్దనే నా సలహా. వారంవారం కోస్తే ఆ చిన్న ముక్కలను లాన్ మీదే వదిలేయండి, కుళ్లి నత్రజని తిరిగి ఇస్తాయి. ఇప్పటి పొడవాటి గడ్డి మాత్రం గుట్టలుగా నిలిచి కింద ఊపిరాడనివ్వదు. దాన్ని దంతెతో లాగి, మామిడి ఎండాకుతో కలిపి ఎరువు గుంతలో వేయండి.

మూడు వారాల తర్వాత కూడా గుండ్రటి మచ్చలు మిగిలినా, పొద్దున మంచులో వాటి మీద బూజు దారాలు కనిపించినా, గడ్డి పట్టుకుంటే చాపలా పైకి లేచొచ్చినా అప్పుడు తెగులో వేరుపురుగో చూడాలి. మచ్చ అంచున, సగం పచ్చ సగం ఎండు ఉండేలా అరచేతి వెడల్పు గడ్డను మట్టితో సహా తవ్వి, కాగితంలో చుట్టి, రాజేంద్రనగర్ ఉద్యాన కళాశాలకో, మీ ఉద్యాన అధికారి దగ్గరకో అదే రోజు తీసుకెళ్లండి. పాలిథిన్ కవర్లో పెట్టొద్దు, దారిలోనే కుళ్లుతుంది.