లారెన్స్ టేలర్ సాక్‌లు 132.5 ఆ, 142 ఆ?

ఈ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడి లెక్కలు రెండూ కరెక్టేనండీ. మీ క్విజ్ కోసం వెతికితే ఒకచోట 132.5, ఇంకోచోట 142 కనిపించాయన్నారు కదా, ఆ 9.5 తేడా అంతా ఆయన మొదటి సీజన్‌దే. టేలర్ 1981లో న్యూయార్క్ జెయింట్స్ జట్టులో చేరారు. ఎదుటి జట్టులో బంతి విసిరే ఆటగాణ్ని, అంటే క్వార్టర్‌బ్యాక్‌ను, బంతి విసరకముందే పడగొడితే సాక్. ఆ ఆట లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ దాన్ని అధికారికంగా లెక్కపెట్టడం 1982లోనే మొదలుపెట్టింది. పాపం, వచ్చీరాగానే అంత బాగా ఆడిన ఏడాదే లెక్కలోకి రాలేదు! అర సాక్ ఏంటంటారా, ఇద్దరు కలిసి పడగొడితే చెరి సగం. జవాబుగా 132.5 రాసి, పక్కన ‘1982 నుంచి’ అని పెట్టండి. లేకపోతే గొడవే. 1986లో ఆయన 20.5 సాక్‌లతో లీగ్ ఎంవీపీ (ఆ ఏడాది అత్యంత విలువైన ఆటగాడు) అయ్యారు. డిఫెన్స్ ఆటగాడికి ఆ అవార్డు రావడం చాలా అరుదు, నేనైతే దాని మీదే ప్రశ్న అడుగుతాను.