ఎక్కడో పుట్టిన వైరస్ వారాల్లోనే దేశదేశాలకు ఎలా పాకుతుంది?

దీనికి 2003 నాటి సార్స్ అనే ఊపిరితిత్తుల జబ్బు కథ చాలు. 2002 నవంబరులో దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో వింత న్యుమోనియా మొదలైంది. వైరస్ అసలు కాపురం గబ్బిలాల్లో. బతికున్న అడవి జంతువులను అమ్మే సంతల్లో పునుగుపిల్లుల మీదుగా మనిషికి అంటిందని శాస్త్రవేత్తల అంచనా. అడవిలో ఎప్పుడూ ఎదురుపడని జీవాలను పక్కపక్క బోనుల్లో కుక్కితే వైరస్‌కు మనమే నిచ్చెన వేసినట్టు.

అక్కడ రోగులకు వైద్యం చేసిన ఒక డాక్టరు 2003 ఫిబ్రవరి 21న హాంకాంగ్ వచ్చి, ఒక హోటల్ తొమ్మిదో అంతస్తులో దిగాడు. అప్పటికే ఒంట్లో బాగాలేదు. ఉన్నది ఒక్క రాత్రే! అదే అంతస్తులో బస చేసినవాళ్లకు జబ్బు అంటుకుంది. వాళ్లు విమానాలెక్కి టొరంటో, సింగపూర్, హనోయ్ చేరారు. జబ్బు పొదిగే కాలం, అంటే వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి పట్టే సమయం, రోజుల్లో ఉంటే ప్రయాణం గంటల్లో అయిపోతుంది కదా, ఎయిర్‌పోర్టులో అందరూ ఆరోగ్యంగానే కనిపిస్తారు. ఆపైన దాన్ని పెంచింది ఎక్కువగా ఆసుపత్రులే. ఏ జబ్బో తెలియక మామూలు వార్డులో పడుకోబెడితే నర్సులు, డాక్టర్లు, పక్క మంచం రోగులు వరసగా పడిపోయారు.

మొత్తం సుమారు 8,000 కేసులు, 774 మరణాలు. అయినా అదే ఏడాది జులైకల్లా అదుపులోకి వచ్చింది. కారణం, సార్స్ రోగి లక్షణాలు ముదిరాకే ఎక్కువగా అంటిస్తాడు. కాబట్టి జ్వరం రాగానే విడిగా ఉంచితే గొలుసు తెగింది. కోవిడ్‌కు లక్షణాలు రాకముందే అంటించే గుణం ఉంది, అందుకే ఆ పద్ధతి ఒక్కటే సరిపోలేదు.