రొమ్ము క్యాన్సర్ ఉన్న మగవారికి చంకలో బిళ్ళ టీబీది కావచ్చా?

మీ నాన్నగారి రొమ్ములోని గడ్డ క్యాన్సరని, చంకలోని బిళ్ళ మాత్రం టీబీదని రిపోర్టులు వచ్చాయని, వాటిలో ఒకటి తప్పేమోనని అడిగారు. రెండూ నిజమే కావచ్చు. నేను డాక్టరును కాను. మా పెదనాన్నగారికి ఇలాగే జరిగింది కనుక రాస్తున్నాను.

మొత్తం రొమ్ము క్యాన్సర్లలో మగవారివి సుమారు 1 శాతమే. లింఫ్ గ్రంథులకు (చంక, మెడ వంటి చోట్ల ఉండే చిన్న గ్రంథులకు) వచ్చే టీబీ మాత్రం మన దేశంలో అరుదేమీ కాదు. రొమ్ము క్యాన్సర్ సాధారణంగా మొదట పాకేది చంకలోని గ్రంథులకే కాబట్టి అక్కడ బిళ్ళ కట్టగానే అదీ క్యాన్సరేనని అనుకుంటారు, ఒంట్లో చురుకుగా ఉన్న చోట్లను వెలుగుగా చూపే పెట్ స్కాన్‌లోనూ క్యాన్సర్, టీబీ రెండూ ఒకేలా వెలుగుతాయి. పెదనాన్నగారికి మొదట చెప్పిన క్యాన్సర్ దశ అలా స్కాన్ చూసి చెప్పినదే. తరువాత ఆ బిళ్ళ నుంచి ముక్క తీసి చూస్తే క్యాన్సర్ కణాలు లేవు, టీబీలో కనిపించే గ్రాన్యులోమాలు (కణాల చిన్న గుంపులు) ఉన్నాయి. టీబీ క్రిమి జన్యు పదార్థాన్ని పట్టే సీబీనాట్ పరీక్షలో టీబీ ఖాయమైంది. అయితే ఒకే చంకలో ఒక గ్రంథిలో టీబీ, పక్కదానిలో క్యాన్సర్ ఉండే అవకాశం కూడా ఉంది. సూది పరీక్షలో టీబీ అని వచ్చినంత మాత్రాన క్యాన్సర్ అక్కడికి పాకలేదని నిశ్చయించుకోకండి. ఆపరేషన్‌లో తీసిన గ్రంథుల రిపోర్టు వచ్చాకే ఆ మాట అనుకోండి.

కీమో రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది కాబట్టి, పెదనాన్నగారికి ముందు టీబీ మందులు మొదలుపెట్టి, కొన్ని వారాలు గడిచాక కీమో ఇచ్చారు. టీబీ మందులు మామూలుగా 6 నెలలు వాడాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో అవి ఉచితం. టీబీ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో పేరు నమోదైతే పోషణ కోసం నెలకు 1,000 రూపాయలు కూడా ఇస్తారు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పవలసిన విషయం ఒకటుంది. మగవారి రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ భాగం హార్మోన్‌కు స్పందించేవే కాబట్టి ఆ హార్మోన్ ప్రభావాన్ని అడ్డుకునే టామాక్సిఫెన్ మాత్రలు ఏళ్ల తరబడి రాస్తారు. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను చురుకు చేసి, రక్తంలో టామాక్సిఫెన్ స్థాయిని బాగా పడగొడుతుంది. క్యాన్సర్ డాక్టరు ఒక చీటీ, టీబీ డాక్టరు ఇంకొక చీటీ రాస్తుంటే ఈ సంగతి ఎవరి కంటా పడకపోవచ్చు. రెండు చీటీలనూ ఇద్దరికీ చూపించండి. మా పెదనాన్నగారికి టీబీ మందులు పూర్తయ్యాకే టామాక్సిఫెన్ మొదలుపెట్టారు. మీ నాన్నగారి విషయంలో ఏ క్రమం మంచిదో వారే నిర్ణయించాలి.

బీఆర్‌సీఏ జన్యు పరీక్ష గురించి కూడా అడగండి. మగవారిలో ఈ క్యాన్సర్‌కు బీఆర్‌సీఏ2 అనే జన్యువులోని లోపం కొన్నిసార్లు కారణమవుతుంది, అది కొడుకులకూ కూతుళ్ళకూ సమానంగా సంక్రమించవచ్చు.